సిగ్నల్ అందని బీడులో యాంటెన్నా

బతుకంతా సిగ్నల్ అమ్ముకునే బతికాను నేను. ఏడో తరగతి మధ్యలో బడికీ నాకూ పొసగక విడిపోయాం. తప్పు ఎవరిదన్న పంచాయితీ ఇంకా తెగలేదు. తర్వాత వనపర్తిలో కేబుల్ టీవీ వైర్లు లాగాను, డిష్షులు బిగించాను, ఇప్పుడు సీసీ కెమెరాలు పెడుతున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఏ గోడెక్కినా, ఏ రేకుల కప్పెక్కినా నా నోట ఒకటే మాట: "వచ్చిందా?" కింద ఇంట్లోంచి ఒకటే జవాబు: "రాలే!" జర తిప్పి మళ్లీ అరిచేవాణ్ని. "వచ్చిందన్నా... ఆగాగు... పోయింది!" నా పెళ్లిలో తాళి కట్టి తలెత్తినప్పుడు కూడా "వచ్చిందా?" అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

అలాంటి నన్ను ఒకరోజు ఒక చెల్లె వచ్చి అడిగింది. "అన్నా, సిగ్నల్ అస్సలు రాని జాగ నీకేమన్న ఎరుకనా?"

"ఎరుకనా? సగం నా కస్టమర్ల ఇండ్లే గవి" అన్నాను.

ఆమె నవ్వలేదు. నా జోకుకు నవ్వలేదంటే మనిషి నిజంగానే పరేషాన్‌లో ఉందని లెక్క.

సొంత చెల్లె కాదు. నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులో చిన్న దుకాణం ఆమెది. పాలిటెక్నిక్ చదివింది. నా చచ్చిపోయిన కెమెరాలకు ప్రాణం పోసేది ఆమే కాబట్టి అన్నాచెల్లెళ్లమయ్యాం. ఆ దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె రెండేళ్లుగా ఒకే వస్తువు తయారు చేస్తోంది. అడవిపందుల డబ్బా. పల్లి చేను మధ్యలో గుంజకు కడితే పగలు ఎండకు తనే ఛార్జి అవుతుంది. పంది మసలిన అలికిడి అయితే దీపాలు వెలిగి ఆరుతూ, స్పీకరులోంచి కేకలు పెడుతుంది. కేకలంటే ఏదో సైరన్ కాదు. కుక్కల అరుపు పెట్టి చూసిందట, పందులు రెండు రోజుల్లో అలవాటు పడ్డాయి. పటాకుల చప్పుడు పెట్టింది, దానికీ అలవాటు పడ్డాయి. పులి గాండ్రింపు పెడదామంటే నల్లమల అంచున ఉన్న ఊళ్లు, పందుల కంటే ముందు మనుషులు పారిపోతారు. చివరికి వాళ్ల నాయనమ్మను చేను గట్టున నిలబెట్టి, "అవ్వా, నీ పంట మేస్తున్నయనుకొని తిట్టు" అని ఫోన్లో రికార్డు చేసింది. అనుకోవాల్సిన పని లేకుండా ముసలామె నిజంగానే తిట్టింది. ఒక్క తిట్టు రెండోసారి రాకుండా పావుగంట. ఆ తిట్లకు ఇంతవరకు ఏ పందీ అలవాటు పడలేదు.

డబ్బా మంచిదే. చిక్కు వేరే ఉంది. కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ లోపల్లోపల గొణుగుతూ ఉంటుంది. ఆ గొణుగుడు మన చెవికి వినపడదు, రేడియోలకూ వైర్‌లెస్‌లకూ వినపడుతుంది. ఎంత గొణగొచ్చో దానికో హద్దు ఉంది. హద్దు దాటితే హైదరాబాద్ ల్యాబు వాళ్లు కాగితం ఇవ్వరు. కాగితం లేకపోతే అచ్చంపేట రైతుల సంఘం డబ్బాలు తీసుకోదు. పల్లి విత్తేలోగా నలభై డబ్బాలు కావాలని వాళ్లు అడిగారు. ల్యాబు ఒకసారి పరీక్ష చేసి, "ఫెయిల్" అని పంపేసింది.

"మల్ల గురువారం పిలిచిన్రు అన్నా" అంది ఆమె. "ఈసారి గూడ కాకుంటే దుకాణం బంద్. హైదరాబాద్ కంపెనోళ్లు కొలువిస్తమన్నరు, శనివారం లోపట ఏదో ఒకటి చెప్పాలె. నాయినకు మాటిచ్చిన, ఇదే ఆఖరుసారని."

"గురువారం ల్యాబుల చూస్తరు గద. గీ సిగ్నల్ లేని జాగ ఎందుకు?"

"గాడికి పోకముందే మనమే చూస్కోవాలె. యాంటెన్నా పెట్టి, డబ్బ ముందల పెట్టి, ఎక్కడ మొత్తుకుంటుందో పట్టుకోవాలె. పట్నంల టవర్ల లొల్లి, ఈడ ఫోన్ల లొల్లి. గా లొల్లిల డబ్బ గొణుగుడు ఇనొస్తదా?"

అప్పుడు అర్థమైంది. నేను సిగ్నల్ తేలేక తిట్లు తిన్న ఊళ్లన్నీ ఆమెకు బంగారు గనులు. ఎక్కడెక్కడ ఓడిపోయానో వేళ్ల మీద లెక్కపెట్టి, అచ్చంపేట దాటి మన్ననూర్ దారిలో, రోడ్డుకు బాగా లోపల, గుట్ట వెనక ఒక బీడు ఉందని చెప్పాను. ఆ బీడు యజమాని ఆమెకూ తెలిసిన మనిషే. తెలియడం ఎలాగంటే, ఆమె మీద మొదటి ఫిర్యాదు ఆయనదే.

ఆయనది మన్ననూర్. అడవిలో వాచర్ పని. వెనుకటి పంటప్పుడు వాళ్ల క్యాంపు దగ్గరి చేనులో ఈమె డబ్బా కట్టింది. కట్టిన రోజు నుంచి వాళ్ల చేతి వైర్‌లెస్‌లలో గరగర తప్ప ఏమీ వినిపించలేదట. ఆయన స్వయంగా నాగర్‌కర్నూల్ దాకా వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. "బిడ్డా, నీ డబ్బ పెట్టినసంది మా సెట్ల మనిషి మాట ఇనొస్తలేదు. రేపు నాకు పులి ఎదురైతే ఎవ్వనికి చెప్పుకోవాలె? పందికా?"

అలా అన్నా, ఆయన చేను కూడా పందులే తిన్నాయి. అందుకని బీడు అడిగితే కాదనలేదు. "కానియ్యిండ్రి, ఎవరు ముందు నోరు మూస్తరో చూద్దాం, పందులా డబ్బనా" అన్నాడు. నేనాయనను మామా అని, ఆమె పెద్దనాయినా అని పిలవడం మొదలుపెట్టాం.

ఇక యాంటెన్నా. అలాంటిది మా వైపు ఎవరి దగ్గర ఉంటుంది? గద్వాలలో ఒక సార్ దగ్గర ఉంది. బెంగళూరులో ఇలాంటి పరీక్షలు చేసే చోట చాలా ఏళ్లు పనిచేసి ఇంటికి వచ్చేసిన మనిషి. తనకు మర్యాదగా కప్పిన శాలువాల పక్కనే ఒక పాత యాంటెన్నానూ భద్రంగా దాచుకున్నాడు. తెచ్చే పని నా మీద పడింది. దాని పేరు బ్రాడ్‌బ్యాండ్ యాంటెన్నా అంటే ఇంటర్నెట్ ఏమైనా వస్తుందేమో, తెచ్చే దారిలో నాలుగు వీడియోలు చూడొచ్చని నేనూ సంతోషంగానే పోయాను. అదేమీ కాదు. లావు అలలూ సన్నపు అలలూ అన్నింటినీ ఒక్కటే వింటుంది కాబట్టి ఆ పేరు. పెళ్లిలో ఏ మూల ఏ మాట అన్నా పట్టేసే పెద్ద ఆడపడుచు చెవి లాంటిది.

చూడ్డానికి మాత్రం చేప ముల్లు. ముందు సన్నగా, వెనక్కి పోను పోను పుల్లలు పొడుగవుతాయి. చివర సీతాకోక రెక్కల్లాంటివి రెండు. సార్ దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి నా చేతిలో పెట్టాడు. బెంగళూరు కన్నడం ఇంకా ఆయన నోట్లో ఉంది.

"ఏమప్పా, సొల్ప మెల్లగ. ఇది డిష్షు గాదు. ఆకాశం దిక్కు చూడదు, డబ్బ దిక్కు చూస్తది. చుట్టుపక్కల ఇనుము ఉండొద్దు. డబ్బకు దీనికి నడుమ మూడు మీటర్లు, టేపు పెట్టి కొలువు. పండుకోబెట్టి ఒకపారి, నిలబెట్టి ఒకపారి చూడాలె. ఇగ కేబుల్..."

"కేబుల్ సంగతి నాకు ఇడిసిపెట్టు సార్" అన్నాను. "వనపర్తిల నా లెక్క కేబుల్ కట్టెటోడు ఇంకా పుట్టలేదు."

సార్ నన్ను ఒక్క క్షణం చూసి, ఏదో అనబోయి, "సరేనప్పా" అన్నాడు. మంచి మనిషి. కొంచెం చెడ్డ మనిషై ఉంటే నా నోరు మూయించి మిగతాది చెప్పి ఉండేవాడు.

దుప్పట్లో చుట్టి బస్సెక్కాను. ఎంత చుట్టినా పుల్లలు బయటికి పొడుచుకు వస్తూనే ఉన్నాయి. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే పక్క సీటు అవ్వ దాని వంకా నది వంకా రెండు సార్లు చూసి, "ఏం చేప బిడ్డా గిది? మస్తు పెద్దగున్నది" అంది.

"తిన్నంక మిగిలిన ముల్లు అవ్వా."

"అంత తిని గింత బక్కగెందుకున్నవు?" అంది. బస్సంతా నవ్వింది. నేను ఓడిపోయిన అతి కొద్ది మాటల పోటీల్లో అదొకటి.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం బీడులో దిగాం. ఫోను తీసి చూసుకుంటే ఒక్క గీత కూడా లేదు. ఇన్నేళ్లలో ఆ దృశ్యం చూసి సంతోషపడింది అదే మొదటిసారి.

నేల మీద పరచడానికి కోళ్లఫారం ఇనుప జాలి తెచ్చాం. ఇనుము పక్కన ఉండొద్దు గానీ కింద ఉండాలట. నేల ఒక్కోచోట ఒక్కోలా అలల్ని తిప్పికొడుతుందట, జాలి పరిస్తే అంతా ఒకేలా ఉంటుంది. జాలి పట్టీల అంచులు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరిచి సన్నపు తీగతో కలిపి కుట్టాం. డబ్బా పెట్టడానికి మామ ఇంటి నుంచి మేకు లేని కొయ్య బల్ల వచ్చింది. యాంటెన్నాకు ఇనుప గుంజ పనికిరాదు, వెదురు కావాలి. అడవి అంచున ఉండి కూడా వెదురు అచ్చంపేట బజారులో కొనుక్కొచ్చాం. అడవిలోంచి పుల్ల తీసినా రూలు ఒప్పదు, ఆ రూలు చూసే మనిషే మాతో ఉన్నాడు.

"మామా, ఒక్క బొంగు. ఎవ్వరు చూస్తలేరు" అన్నాను ఆటపట్టించడానికి.

"నేను చూస్తున్న గద" అన్నాడు.

పరీక్షలో యాంటెన్నా ఒక మీటరు ఎత్తు నుంచి నాలుగు మీటర్ల దాకా మెల్లగా పైకి పోవాలి, మళ్లీ దిగాలి. పాత బావి కొయ్య గిలక ఒకటి పైన కట్టి, నూలు తాడు వేశాం. ఆ వెదురు కట్టడం మామది. తేనె కోసం కొండ చరియల మీంచి తాళ్ల మీద దిగిన కుటుంబం ఆయనది. నేను మేకు కోసం జేబులు తడుముకుంటుంటే ఆయన నార తాడుతో నాలుగు చుట్లు చుట్టి, కాలుతో తన్ని బిగించి, "ఎక్కు" అన్నాడు. ఎక్కాను. కిర్రు మనలేదు.

యాంటెన్నా బిగించింది నేను. చేతులకు అలవాటై, ముక్కు ఆకాశం వైపు ఎత్తి పెట్టాను. చెల్లె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అన్నా, ఏ శాటిలైటు పట్టుకుంటున్నవు?"

దించాను. డబ్బాకు సరిగ్గా ఎదురుగా. టేపు పెట్టి మూడు మీటర్లు కొలిచాను. ఇక కేబుల్. నా ప్రతాపమంతా అక్కడ చూపించాను. యాంటెన్నా వెనక నుంచి తిన్నగా వెదురు వెంట కిందికి దించి, ఎత్తినా దించినా జారేలా జానకొక వదులు కట్టు కట్టి, మిగిలిన కేబుల్‌ను గుండ్రంగా చుట్ట చుట్టి, రేపటి అవసరానికి అన్నట్టు నడిమి ఎత్తులో వేలాడదీశాను. ప్రతి డిష్షుకీ అలాగే చేస్తాను. ఇల్లు మారినా కేబుల్ సరిపోతుంది. దూరం నుంచి చూస్తే పెళ్లికూతురి జడలా ఉంది.

"ఎట్లున్నది?"

"ఫొటో తియ్యాలె" అన్నాడు మామ. పొగిడాడో వెక్కిరించాడో ఇప్పటికీ తెలీదు.

ముందు డబ్బా ఆపి ఉంచి చూసింది చెల్లె. కేబుల్ ఇంకో కొస ఒక చిన్న యంత్రానికి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు. తెర మీద అడ్డంగా ఎర్ర గీత, అదే హద్దు. దాని కింద, నిద్రపోతున్న పాములా, పచ్చ గీత. ఎక్కడో దూరపు ఎఫ్‌ఎం రేడియోల గీతలు రెండు మూడు చోట్ల లేచి ఉంటే అవి మనవి కావని గుర్తు పెట్టుకుంది. "మస్తు జాగ అన్నా. ల్యాబు లెక్కనే ఉన్నది." నా ఓటములన్నింటికీ అప్పుడొక బహుమతి దొరికినట్టయింది.

తర్వాత డబ్బా వేసింది. అన్ని పనులూ చేస్తుండగా కొలవాలట, అందుకని నాయనమ్మ కూడా మొదలుపెట్టింది. "ఓయ్! నీ పాడె గట్ట! నీ నోట్ల మన్నువడ! ఎవని చేనురా గిది!" ఖాళీ బీడు మీద ముసలామె గొంతు గుట్టకు తగిలి తిరిగి వస్తోంది. యాంటెన్నాను పండుకోబెట్టి ఎత్తాం, దించాం, బల్లను కొంచెం కొంచెం తిప్పాం. పచ్చ గీత ఎర్ర గీత కిందే ఉంది. చెల్లె ముఖం విచ్చుకుంది.

అప్పుడు యాంటెన్నాను నిలువుగా తిప్పాం. గీత ఒక్కసారి లేచింది. రెండు చోట్ల ఎర్ర గీతను దాటి, ల్యాబు వాళ్లు ఇచ్చిన ఫెయిల్ కాగితంలో కంటే కూడా పైకి.

అక్కణ్ణుంచి పొద్దు నడినెత్తికొచ్చే దాకా ఆమె చేయని పని లేదు. డబ్బా విప్పి లోపల రాగి రేకు అంటించింది. స్పీకరు వైరు బయటికి వచ్చేచోట నల్లటి ఉంగరం లాంటి రాయి ఒకటి తొడిగింది. గొణుగుడును మింగే రాయట. గీత కదల్లేదు. రాయి తీసేసింది. వైర్లు మెలిపెట్టింది. గీత కదల్లేదు. నేను రెండు జోకులు వేశాను, అవి కూడా కదల్లేదు. నాయనమ్మ మాత్రం ఆగలేదు. "మీ ఇంట్ల దీపం ఆర! సిగ్గు లేదారా!" అంటుంటే ఎవరికి వాళ్లం తలలు దించుకుని తిట్లు తిన్నాం.

మామ తెచ్చిన సద్ద రొట్టె తింటూ కూర్చున్నాం. ఆమె తినలేదు. ల్యాప్‌టాప్ ముందే ఉంది.

"అంతా గా స్పీకరు సర్క్యూటే" అంది. "దాన్ని పీకేస్త. ఒట్టి దీపాలే ఉంచుత. కాగితమన్న వస్తది."

"దీపాలకు పందులు బెదరవు బిడ్డా" అన్నాడు మామ. "పెండ్లి అనుకొని వస్తయి."

"తెల్సు పెద్దనాయినా." ఆమె కత్తెర తీసుకుంది. "తెల్సు. ఏం చెయ్యాలె మరి?"

సరిగ్గా అప్పుడే గుట్ట మీంచి గాలి వచ్చింది. వెదురు కదల్లేదు, మామ కట్టిన కట్టు అది. కదిలింది నా కేబుల్ చుట్ట. ఉయ్యాలలా అటూ ఇటూ ఊగింది. నా కళ్లు తెర మీద ఉన్నాయి. ఆ చుట్ట అటు పోయినప్పుడు గీత దిగింది, ఇటు వచ్చినప్పుడు లేచింది. గాలి ఆగింది. గీత పైన ఆగింది.

సార్ అనబోయి ఆగిపోయిన మాట ఏమై ఉంటుందో అప్పుడు నాకు తెలిసిపోయింది. నిలువుగా ఉన్న పుల్లల పక్కనే, వాటి వరసలోనే, నిలువుగా నా కేబుల్. అది కేబుల్ కాదు, నేనక్కడ రెండో యాంటెన్నా కట్టాను. పెళ్లికూతురి జడ వేసి మరీ కట్టాను.

అబద్ధం ఎందుకు, మొదట నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. నీళ్లు తాగే వంకన లేచి, ఎవరూ చూడకుండా ఆ చుట్ట విప్పేసి, "ఇంకోపారి చూడు చెల్లె, ఎందుకో నా మనసు చెప్తున్నది" అని దేవుడు పూనినట్టు అందామనిపించింది. వనపర్తిలో నా పేరు నిలుస్తుంది. మామ నా వైపు చూస్తున్నాడు. ఆయన కూడా తెర చూశాడో, నా ముఖం చూశాడో. అడవిలో పనిచేసేవాళ్లు ఎదుటి జంతువు తనంతట తను కదిలేదాకా ఆగుతారు.

కత్తెర నోట్లో స్పీకరు వైరు పడింది.

"చెల్లె, ఆగు. కొయ్యకు." అన్నాను. "తప్పు నీ డబ్బల లేదు. నా ముడిల ఉన్నది."

ఆమె తలెత్తింది. లేచి వెళ్లి చుట్టను చేత్తో ఊపి చూపించాను. తెర మీద గీత ఊగింది. ఇంకోసారి ఊపాను. ఇంకోసారి ఊగింది. నాయనమ్మ సరిగ్గా అప్పుడే "నీ చేతులిరగ!" అంది.

ఆమె కూడా వచ్చి చుట్టను ఒకసారి ఊపి చూసింది. తర్వాత, "పొద్దటి సంది నా పానం తీసింది నువ్వా అన్నా?"

"నేను గాదు. నా పనితనం."

"సార్ నీకు చెప్పలేదా?"

"చెప్పబోయిండు. నేనే చెప్పనియ్యలె."

తిడుతుందనుకున్నాను. ఇంట్లో అంత పెద్ద ఉదాహరణ ఉంది కదా. తిట్టలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, రెండు అరచేతులతో ముఖం రుద్దుకుని, "అయితే నిలబడి ఏం చూస్తున్నవు? ఇప్పు" అంది.

కట్టడానికి గంట పట్టింది, విప్పడానికి పది నిమిషాలు. మామ రెండు వెదురు కర్రలను పంగలా కట్టి యాంటెన్నా వెనక దూరంగా నాటాడు. కేబుల్ యాంటెన్నా నుంచి కిందికి దిగకుండా, అడ్డంగా వెనక్కి పోయి, ఆ పంగ మీదుగా దూరంగా నేల దిగింది. చుట్ట లేదు, జడ లేదు. కేబుల్ కట్టడం రానివాడు చేసిన పనిలా ఉంది. నా కళ్లకు ఇప్పటికీ అది నచ్చదు.

మళ్లీ నిలువుగా కొలిచింది. గీత బాగా దిగింది. రెండు చోట్లలో ఒకటి పూర్తిగా మాయమైంది. రెండోది మాత్రం ఇంకా ఎర్ర గీత మీద గోరంత పైకి ఉంది. అంటే డబ్బా కూడా కొంచెం గొణుగుతున్న మాట నిజమే. నా లొల్లిలో దాని గొణుగుడు ఏదో, నా కేబుల్‌ది ఏదో ఇంతసేపూ తెలియలేదు. పొద్దున ఏం చేసినా గీత కదలలేదని తీసేసిన నల్ల రాయిని ఆమె మళ్లీ తీసింది. స్పీకరు వైరుకు తొడిగింది.

గీత ఎర్ర గీత కిందికి జారింది. వైరును రాయిలోంచి రెండు చుట్లు తిప్పింది. ఇంకా కిందికి జారింది.

"వచ్చిందా?" అన్నాడు మామ.

"పోయింది పెద్దనాయినా!" అని కేక పెట్టింది ఆమె. పోవడం ఇంత సంబరంగా ఉంటుందని నా ఉద్యోగంలో నాకెవరూ చెప్పలేదు.

పొద్దు వాలేదాకా ఒక్కో ఎత్తులో, ఒక్కో వైపు తిప్పి కొలుస్తూనే ఉన్నాం. ఆమె మొదటిసారి సద్ద రొట్టె అడిగింది. చల్లబడి అట్టలా అయింది. నమిలి నమిలి తిన్నది.

గురువారం ల్యాబుకు నేనూ వెళ్లాను. డబ్బా మోసే వంకన. అదొక పెద్ద గది, గోడల నిండా నల్లటి నురగ కోణాలు, లోపల మాట్లాడితే మాట మన నోట్లోనే చచ్చిపోతుంది. నాలాంటివాడికి అది జైలు. అక్కడి ఇంజినీరు ప్లాస్టిక్ గుంజకు యాంటెన్నా బిగించి, కేబుల్‌ను అడ్డంగా వెనక్కి తీసుకుపోయి దించాడు. నేను దగ్గరికి పోయి చూశాను.

"ఏంటి చూస్తున్నారు?" అన్నాడు.

"ఏం లేదు సార్. సక్కగ కట్టిన్రు."

తలుపులు మూశారు. మేము బయట తెర ముందు కూర్చున్నాం. లోపల కెమెరాలో డబ్బా కనిపిస్తోంది, చిన్న స్పీకరులోంచి నాయనమ్మ గొంతు వస్తోంది. ఇంజినీరు మొదటి తిట్టుకు ఉలిక్కిపడ్డాడు, మూడోదానికి రాసుకోవడం ఆపాడు, ఆ తర్వాత పక్క గదిలోంచి ఇద్దరిని పిలుచుకొచ్చాడు. చెల్లెకు అదేమీ కనపడ్డం లేదు. ఆమె పచ్చ గీతనే చూస్తోంది, బీడులో చూసినట్టే. యాంటెన్నా పండుకుంది, లేచింది, నిలబడింది. నిలబడినప్పుడు ఆమె నా చొక్కా చేయి పట్టుకుంది. గీత ఒకచోట ఎర్ర గీతకు దగ్గరగా వచ్చి, అక్కడే ఆగి, దిగిపోయింది.

"అంతేనా సార్?" అంది.

"అంతేనమ్మా. పాసు. రిపోర్టు మెయిల్లో వస్తుంది." ఇంజినీరు పెన్ను మూసి, "మా ఊరిలోనూ పందుల బాధే. ఆ డబ్బా ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

ల్యాబు గేటు బయట టీ బండి దగ్గర నిలబడి ఆమె రెండు ఫోన్లు చేసింది. మొదటిది వాళ్ల నాయనకు. ఎక్కువ మాటలేమీ లేవు. "అయింది నాయినా" అంది, అవతల ఏమన్నాడో, "ఆఁ, తిన్న" అంది. తినలేదు. రెండోది కొలువిస్తామన్న కంపెనీకి. "థాంక్స్ సార్, నేను వస్తలేను. నాకు ఈడ పనున్నది" అని చెప్పి, ఫోను సంచిలో వేసి, టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. అది చల్లారేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

నాగర్‌కర్నూల్ బస్సులో సీటు దొరకగానే లెక్కలు మొదలుపెట్టింది. నలభై డబ్బాలంటే నలభై నల్ల రాళ్లు, నలభై స్పీకరు వైర్లు, ఇద్దరు ఆడవాళ్లు సరిపోరు, ఇంకొకరు కావాలి. "అన్నా, గా బీడుల వెదుర్లు గట్లనే ఉండనియ్యి. మల్ల పనొస్తది. గద్వాల సార్ గూడ వచ్చి చూస్తనన్నడు." చెబుతూ చెబుతూనే సంచి తల కింద పెట్టుకుని కిటికీకి ఆనింది. నేను ఒక మంచి జోకు అందుకుని అటు తిరిగేసరికి నిద్రపోయింది. ఎన్ని రోజుల నిద్రో అది. నోరు కొంచెం తెరుచుకుంది. గుంతల్లో బస్సు ఎగిరినా లేవలేదు.

షాద్‌నగర్ దగ్గర కండక్టరమ్మ వచ్చింది. "అమ్మా, ఆధార్ కార్డు" అని ఆమె భుజం తట్టబోతుంటే చేయి అడ్డం పెట్టాను.

"లేపకు అక్కా. ఆమె టికెట్టు నేను తీస్కుంట."

"ఆడోళ్లకు ఫ్రీ గదన్నా. కార్డు చూపిస్తే సాలు. ఉత్తగ పైసలెందుకు పెడుతున్నవు?"

"కార్డు సంచిల ఉన్నది, సంచి తల కింద ఉన్నది."

ఆమె నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసి, రెండు టికెట్లు చింపింది. రెండూ జేబులో పెట్టుకున్నాను. జడ్చర్ల వచ్చింది, పోయింది. పక్క సీటు పెద్దమనిషి నాతో మాట కలపబోయాడు, నోటి మీద వేలు పెట్టి ఆపాను. ఆయన తల ఊపి తన ఫోను చప్పుడు కూడా తగ్గించాడు. బయట పల్లి విత్తడానికి దున్నిన చేన్లు ఎర్రగా, వరసగా వెనక్కి పోతున్నాయి.

నాగర్‌కర్నూల్ ముందరి బిజినేపల్లి వచ్చేదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇంటావిడ ఇది ఇప్పటికీ నమ్మదు.